తమ్ముడికి బి27 పాజిటివ్ వచ్చింది, నొప్పి మాత్రం లేదు. జన్యువుల డేటాతో అసలు కారణం తేలిందా?

నడుంపట్టు_నాని
నాకు 32 ఏళ్లు. ఆరేళ్ల కిందట యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ (ఏఎస్) అని తేలింది, అంటే వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు. అంతకుముందు మూడేళ్లు సయాటికా అన్నారు, డిస్క్ అన్నారు, ఆఫీసులో కుర్చీ మార్చమన్నారు. ఇప్పుడు రాస్తున్నది నా గురించి కాదు, తమ్ముడి గురించి.

వాడికి 27. సంబంధం కుదిరింది. తాంబూలాలకు వారం ఉందనగా అమ్మాయి తరఫువాళ్లు "అన్నకు ఉంది కదా, అబ్బాయికి కూడా ఆ టెస్టు చేయిస్తే మాకు నిశ్చింత" అన్నారు. ఈ జబ్బున్నవాళ్లలో ఎక్కువగా కనిపించే జన్యువు హెచ్‌ఎల్‌ఏ-బి27. దానికి పాజిటివ్ అని వచ్చింది. ఆ రోజు నుంచి వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. వాడికి ఇంతవరకు ఒక్కరోజు కూడా నడుం నొప్పి లేదు. ఆదివారం వస్తే పొద్దున ఆరింటికే బ్యాటు పట్టుకుని గ్రౌండ్‌లో ఉంటాడు.

ఇది చాలదన్నట్టు బాబాయి ఒక వీడియో పంపాడు. "జన్యు డేటాతో తేలిపోయింది, ఈ జబ్బుకు కారణం పేగుల్లో బ్యాక్టీరియా, పిండి పదార్థాలు మానేస్తే రాదు" అని అందులో చెబుతున్నారు. తమ్ముడు పది రోజులుగా అన్నం ముట్టలేదు. అమ్మ వాడి కంచం ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది.

కారణం జన్యువా, బ్యాక్టీరియానా? జన్యువులు చూసి బ్యాక్టీరియా కారణమని ఎలా తేలుస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

వరంగల్_వాసు
ముందు తమ్ముడికి ఇంత అన్నం పెట్టించు అన్నా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కల_మాస్టారు
నేను డాక్టర్ని కాను, రిటైరైన లెక్కల టీచర్ని. మా అమ్మాయికి ఈ జబ్బు ఉంది కాబట్టి పదేళ్లుగా చదువుతున్నాను.

1973లో లండన్‌లో బ్రూవర్టన్ బృందం 75 మంది రోగులను పరీక్షిస్తే 72 మందికి బి27 ఉంది. ఆరోగ్యంగా ఉన్న 75 మందిలో ముగ్గురికే ఉంది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో టెరసాకి బృందానికీ అలాంటి ఫలితమే వచ్చింది. ఈ అంకెలు చూసి "బి27 ఉంటే జబ్బు ఉన్నట్టే" అని చాలామంది అనుకుంటారు. అది తిరగేసిన లెక్క.

ఒక ఊళ్లో లక్షమంది ఉన్నారనుకోండి. అందులో 5,000 మందికి బి27 ఉందనుకుందాం. జబ్బున్నవాళ్లు 150 మంది, వాళ్లలో 140 మందికి బి27 ఉందనుకుందాం. రోగుల వైపు నుంచి చూస్తే నూటికి 93. బి27 ఉన్న 5,000 మంది వైపు నుంచి చూస్తే 140, అంటే నూటికి మూడు కూడా కాదు. నాని గారూ, అమ్మాయి తరఫువాళ్లు మొదటి అంకె చూసి భయపడ్డారు. మీ తమ్ముడి విషయంలో చూడాల్సింది రెండోది.

తెల్లారి_నాలుగు
మాస్టారి లెక్కకు నేను ఇంకోవైపు ఉదాహరణ. నాకు బి27 నెగెటివ్. ఎమ్మారైలో రెండువైపులా ఎస్ఐ కీళ్లు, అంటే వెన్ను అడుగున తుంటి ఎముకతో కలిసే కీళ్లు, పాడైనట్టు ఉంది. టెస్టు నెగెటివ్ కాబట్టి నీకేమీ లేదని ఒక ఆసుపత్రిలో రెండేళ్లు తిప్పి పంపారు. రోజూ తెల్లారుజామున నాలుగింటికి మెలకువ. మంచం పట్టె పట్టుకుని, ముందు మోకాళ్లు కిందికి దించి, తర్వాత నడుం లేపేదాన్ని. వంటింట్లో అరగంట అటూ ఇటూ తిరిగితే గానీ పట్టు వదిలేది కాదు. కదిలితే తగ్గుతుంది, పడుకుంటే పెరుగుతుంది. ఈ ఒక్క మాట ఆ రోజుల్లో ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

నడుంపట్టు_నాని
మాస్టారూ, మీ లెక్క ఊరి జనానికి సరే. వాడు నా సొంత తమ్ముడు కదా. వాడికీ నూటికి మూడేనా?

లెక్కల_మాస్టారు
కాదు, అది దాచకూడదు. 1984లో నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ లిండెన్ బృందం చేసిన లెక్క ఉంది. మామూలు జనంలో బి27 ఉన్నవాళ్లకు జబ్బు 1.3 శాతం. రోగుల రక్తసంబంధీకుల్లో బి27 ఉన్నవాళ్లకు 21 శాతం, అంటే ఐదుగురిలో ఒకరు. మిగిలిన నలుగురికి రాదు. పైగా ఇది ఎక్కువగా ఇరవైల్లోనే మొదలవుతుంది, 45 దాటాక కొత్తగా రావడం అరుదు. మీ తమ్ముడు ఆ వయసులో కొంత దాటేశాడు.

డేటా_లలిత
మాస్టారు చెప్పిన 1.3, 21 దగ్గర ఒక్క నిమిషం ఆగండి. జన్యువు అదే, దేశం అదే, తేడా మాత్రం పదహారు రెట్లు. అంటే బి27 ఒక్కటే కథ కాదు. రోగి కుటుంబంలో ఇంకేదో కలిసి వస్తోంది. ఆ "ఇంకేదో" వెతకడానికే ఇన్నేళ్లుగా జన్యువుల డేటా పోగేస్తున్నారు. నా ఉద్యోగం ఇలాంటి డేటా మీదే, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఆక్స్‌ఫర్డ్‌లో మాథ్యూ బ్రౌన్ వాళ్లు 1997లో కవలల మీద చేసిన పనిలో ఈ జబ్బు రావడంలో 90 శాతం పైగా వాటా వారసత్వానిదేనని తేలింది. అయినా అచ్చు ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి తప్పకుండా వస్తుందని లేదు. తర్వాత వేలమంది రోగుల జన్యువులను, వేలమంది ఆరోగ్యవంతుల జన్యువులతో వేల చోట్ల పోల్చడం మొదలైంది. 2007లో రెండు కొత్త పేర్లు బయటపడ్డాయి, ఇరాప్1, ఐఎల్23ఆర్. 2013లో 10,619 మంది రోగులతో చేసిన స్టడీతో జబ్బుతో సంబంధమున్న చోట్లు జన్యువుల్లో మొత్తం 31 దొరికాయి.

నాకు బాగా నచ్చింది ఇరాప్1. బి27ని ఒక పళ్లెం అనుకోండి. కణం లోపలి ప్రొటీన్ ముక్కలను అందులో పెట్టి రక్షణ కణాలకు చూపిస్తుంది. ఆ ముక్కలను కొలతకు కోసే కత్తిపీట ఇరాప్1. 2011లో తేలిందేమిటంటే, కత్తిపీటలో తేడా ప్రభావం బి27 ఉన్నవాళ్లలోనే కనిపించింది. పళ్లెం లేకపోతే ఎలా కోసినా ఒకటే. అంటే జబ్బు ఎక్కడ మొదలవుతుందో వేలు పెట్టి చూపించినట్టయింది. ముక్క, దాని కోత, దాన్ని చూపించే తీరు. వేలమంది డేటా కలపకుండా ఇది ఎవరికీ తట్టేది కాదు.

వరంగల్_వాసు
లలితక్కా, కత్తిపీట అర్థమైంది. మరి బ్యాక్టీరియా సంగతి? జన్యువులు చూసి "ఇది కారణం" అని ఎట్లా అంటారు?

డేటా_లలిత
దాన్ని మెండీలియన్ రాండమైజేషన్ అంటారు. మాట పెద్దది, ఆలోచన చిన్నది.

ఏఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి రక్తంలో సీఆర్‌పీ, అంటే ఒంట్లో వాపు ఉంటే పెరిగే ప్రొటీన్, ఎక్కువ ఉంటుంది. సీఆర్‌పీ వల్ల జబ్బా, జబ్బు వల్ల సీఆర్‌పీనా? రోగులను చూస్తే తేల్చలేం, రెండూ కలిసే ఉంటాయి. కానీ కొందరికి పుట్టుకతోనే సీఆర్‌పీ కాస్త ఎక్కువ ఉండే జన్యువు వస్తుంది. అమ్మ నుంచి ఏది, నాన్న నుంచి ఏది రావాలన్నది చీటీలు తీసినట్టే జరుగుతుంది. మన తిండి, నిద్ర, ఉద్యోగం ఆ చీటీని మార్చవు. ఆ చీటీ వచ్చినవాళ్లలో జబ్బు కూడా ఎక్కువ ఉంటే సీఆర్‌పీకి పాత్ర ఉందని అనుమానించవచ్చు, లేకపోతే అది పొగ మాత్రమే, నిప్పు వేరే. గుండెజబ్బు విషయంలో ఇలాగే ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్ నిప్పని, సీఆర్‌పీ పొగని తేలింది.

ఇప్పుడు బ్యాక్టీరియా. ఈ పద్ధతి పనిచేయాలంటే ముందు "ఫలానా జన్యువు ఉంటే పేగుల్లో ఫలానా బ్యాక్టీరియా ఎక్కువ" అని గట్టిగా తెలియాలి. దాదాపు అందరూ వాడే డేటా 2021లో వచ్చింది, 18,340 మందిది. అందులో అన్ని పరీక్షలకూ నిలిచిన జన్యు స్థానం ఒక్కటే. పాలు అరిగించుకునే లాక్టేజ్ జన్యువు, దానికి బైఫిడోబ్యాక్టీరియాతో సంబంధం. మిగతావన్నీ బలహీనమైన ఆధారాలు. చాలా పేపర్లు ఆధారం ఎంత గట్టిగా ఉండాలన్న గీతను కిందికి దించి, వందకు పైగా బ్యాక్టీరియాలను ఒక్కొక్కటిగా ఏఎస్‌తో జోడించి చూస్తాయి. అన్నిసార్లు చూస్తే ఏదో ఒకటి తగులుతుంది. ఒక పేపర్‌లో తగిలింది ఇంకో పేపర్‌లో తగలదు. మీ బాబాయి గారి వీడియో ఇలాంటి పేపర్ చదివే చేసి ఉంటారు. తప్పుడు ఉద్దేశం ఉండకపోవచ్చు, "తేలిపోయింది" అన్న మాట మాత్రం తప్పు.

సత్తెనపల్లి_సుధ
లలిత గారూ, నేను ఒప్పుకోను. నాలుగేళ్లుగా అన్నం, బంగాళాదుంప, గోధుమ బాగా తగ్గించాను. తెల్లారి బిగుసుకోవడం గంట నుంచి పది నిమిషాలకు వచ్చింది. లండన్‌లో ఎబ్రింగర్ గారు 1970ల నుంచీ క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా గురించి చెబుతూనే ఉన్నారు. పిండి తగ్గితే ఆ బ్యాక్టీరియా తగ్గుతుందని ఆయన వాదన. డేటాలో కనపడకపోతే నా నడుం అబద్ధమా?

డేటా_లలిత
మీ నడుం అబద్ధం అని నేను అనను సుధ గారూ. మీకు తగ్గింది, అది నిజం. ఆ నాలుగేళ్లలో మీరు బరువు తగ్గారా, మందు మార్చారా, ఈత మొదలుపెట్టారా అని మాత్రం అడుగుతాను.

పేగులకు పాత్ర లేదని కూడా అనను. 1990లో మనిషి బి27 జన్యువును ఎలుకల్లో పెట్టారు. వాటికి విరేచనాలు, కీళ్లవాపు వచ్చాయి. 1994లో అలాంటి ఎలుకలనే ఏ సూక్ష్మజీవీ లేని పెట్టెల్లో పెంచితే పేగు జబ్బూ రాలేదు, కీళ్లవాపూ రాలేదు. జన్యువు ఉన్నా సూక్ష్మజీవి లేకపోతే జబ్బు లేదు. వీడియోలో చెప్పిన దానికంటే ఇది చాలా గట్టి ఆధారం. 2022లో మరో ముక్క కలిసింది. రోగుల్లో కనిపించే కొన్ని టి-కణాలు (రక్షణ కణాల్లో ఒక రకం), బి27 పళ్లెంలో పెట్టిన మన సొంత ప్రొటీన్ ముక్కలనూ, కొన్ని బ్యాక్టీరియా ముక్కలనూ ఒకేలా గుర్తుపడుతున్నాయి. కాబట్టి నాని గారి "జన్యువా, బ్యాక్టీరియానా" అన్న ప్రశ్నలో ఆ "లేదా"నే సరిపోదు. కానీ ఇక్కడి నుంచి "27 ఏళ్ల ఆరోగ్యవంతుడు అన్నం మానేస్తే జబ్బు రాదు" అనేదాకా మధ్యలో వంతెన లేదు.

సత్తెనపల్లి_సుధ
ఎనిమిది కిలోలు తగ్గాను. ఈత కాదు గానీ రోజూ నడుస్తాను. సరే, ఎలుకల సంగతి నాకు తెలియదు, మంచిది చెప్పారు. నా తిండి మాత్రం మార్చను.

వరంగల్_వాసు
మార్చొద్దు అక్కా, మీ వాటా అన్నం నాకు పంపించండి.

మందుల_షాపు_రవి
జన్యువు చెప్పిందల్లా మందుగా పనిచేస్తుందని కూడా అనుకోకండి. ఐఎల్23ఆర్ బయటపడ్డాక, వాపు రేపే ఐఎల్-23 అనే సంకేత ప్రొటీన్‌ను ఆపే ఇంజెక్షన్లు వెన్నుకు పనికొస్తాయని ఎంతో ఆశపడ్డారు. సొరియాసిస్‌కు, క్రోన్స్ అనే పేగువాపు జబ్బుకు బాగా పనిచేశాయి. ఏఎస్ ట్రయల్స్‌లో ఉస్టెకినుమాబ్, రిసాంకిజుమాబ్ రెండూ ఫెయిల్. అదే దారిలో కిందనున్న ఐఎల్-17ని ఆపే సెకుకినుమాబ్ పనిచేసింది, 2016లో అమెరికాలో ఏఎస్‌కు అనుమతి వచ్చింది.

తెల్లారి_నాలుగు
రవి గారూ, జన్యువు ఐఎల్-23ని చూపించింది కదా, మరి మందు ఎందుకు పనిచేయలేదు?

డేటా_లలిత
చాలామంది చెప్పే ఒక వివరణ ఇది. జన్యువుల డేటా జబ్బు ఎందుకు *మొదలైందో* చెబుతుంది, మొదలయ్యాక ఎందుకు *ఆగట్లేదో* చెప్పదు. రోగులనూ రోగం లేనివాళ్లనూ పోల్చిన డేటా అది. ఇల్లు అంటుకోవడానికి అగ్గిపుల్ల కారణమే, మంటలు లేచాక అగ్గిపుల్ల లాక్కుంటే ఏం లాభం? ఇదింకా పూర్తిగా తేలలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐఎల్23ఆర్‌లో ఒక మార్పు క్రోన్స్, సొరియాసిస్, ఏఎస్ మూడింటి నుంచీ కాస్త రక్షణ ఇస్తుంది. అలాంటప్పుడు క్రోన్స్ జన్యువులు తీసుకుని "క్రోన్స్ వల్ల ఏఎస్ వస్తుందా" అని ఈ చీటీల పద్ధతిలో చూస్తే సంబంధం ఉన్నట్టే కనిపిస్తుంది. అది క్రోన్స్ వల్ల కాకపోవచ్చు, రెండింటికీ వేరు ఒకటే కావచ్చు. ఎవరైనా ఇలాంటి పేపర్ పంపితే నేను ముందు వెతికేది ఒక్కటే. ఆరో క్రోమోజోమ్‌లో బి27 ఉన్న హెచ్‌ఎల్‌ఏ ప్రాంతాన్ని పక్కన పెట్టారా లేదా? అక్కడ జన్యువులు కిక్కిరిసి ఉంటాయి, ఒకదాని పని ఇంకోదాని ఖాతాలో పడిపోతుంది. దాన్ని అలాగే ఉంచేసి లెక్క వేస్తే ఏఎస్‌కు ఏదైనా కారణంగా కనిపిస్తుంది.

కోడూరు_కుర్రోడు
ఇదంతా చదివాక నాకు కోపం వస్తోంది. యాభై ఏళ్లుగా జన్యువులు చూస్తున్నారు. నా మెడ తిరగదు. బండి రివర్స్ చేయాలంటే నడుం నుంచి మొత్తం తిరగాలి. ఇంజెక్షన్ డబ్బుల కోసం మా నాన్న పొలంలో బోరు వేయించడం వాయిదా వేశాడు. ఈ డేటా వల్ల నాకేం ఒరిగింది?

మందుల_షాపు_రవి
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. ఏఎస్‌కు వాడే అడాలిముమాబ్ ఇంజెక్షన్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ (ఒరిజినల్‌ను పోలిన, వేరే కంపెనీ తయారీ) 2014లో మన దేశంలోనే వచ్చింది, ఆ తర్వాత ఇంకొన్ని కంపెనీలు వచ్చాయి. నువ్వు వాడేది ఒరిజినలా, బయోసిమిలరా? డాక్టర్‌ని అడిగి మార్చుకునే వీలుంటే చూడు. ఆరోగ్యం కుదుటపడ్డాక డోసుల మధ్య ఎడం పెంచడం గురించి కూడా అడుగు. సొంతంగా మాత్రం ఆపకు.

కోడూరు_కుర్రోడు
ఒరిజినల్. బయోసిమిలర్ ఉందని ఎవరూ చెప్పలేదు. సోమవారం అడుగుతా.

డల్లాస్_అమ్మ
మా ఆయనకు ఏఎస్. ఇద్దరు పిల్లలు, 9, 6. ఇద్దరికీ బి27 టెస్టు చేయించమని ఇక్కడి డాక్టర్‌ని అడిగాను. నొప్పి, వాపు ఏమీ లేకుండా చేయించొద్దన్నారు. "పాజిటివ్ వస్తే మీరేం చేస్తారు? ఆపే మందు లేదు. పాప పరుగెత్తి మోకాలు కొట్టుకున్న ప్రతిసారీ మీకు నిద్ర పట్టదు, అంతే" అన్నారు. ఆ టెస్టు చేయించలేదు. కళ్లు ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు.

నానీ, నిన్ను ఒక్కటి అడుగుతా. అమ్మాయి తరఫువాళ్లు టెస్టు అడిగారు, మీరు చేయించారు. తమ్ముణ్ని అడిగారా?

నడుంపట్టు_నాని
లేదక్కా. "సంబంధం పోతుంది, చేయించుకో" అని నేనే తీసుకెళ్లాను.

కృష్ణాతీరం
మాది మేనరికాల ఇల్లు. మా అత్తకు ఏఎస్, ఆవిడ కొడుకుతోనే నా చెల్లి పెళ్లి అనుకుంటున్నారు. మేనరికం వల్ల ఇది పిల్లలకు ఎక్కువ వస్తుందా?

డేటా_లలిత
మేనరికంతో ముఖ్యంగా పెరిగేవి రెండు వైపుల నుంచీ పాడైన జన్యువు వస్తేనే వచ్చే జబ్బులు. బి27 అలాంటిది కాదు, ఒక్క వైపు నుంచి వచ్చినా చాలు. మేనరికం అయినా కాకపోయినా, తల్లిదండ్రుల్లో ఒకరికి ఒక కాపీ ఉంటే బిడ్డకు రావడానికి సగం అవకాశం. వచ్చినా మళ్లీ మాస్టారి లెక్కే. మేనరికం గురించి వేరే కారణాలకు జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవడం మంచిదే, ఈ ఒక్క దానికి భయపడి కాదు.

లెక్కల_మాస్టారు
లలిత గారూ, నాదొక సందేహం. ఈ స్టడీల్లో మనవాళ్లు ఎంతమంది?

డేటా_లలిత
నన్ను అన్నింటికంటే బాధపెట్టేది అదే మాస్టారూ. 2013 స్టడీలో యూరప్, తూర్పు ఆసియా, లాటిన్ అమెరికా మూలాలవాళ్లు ఉన్నారు. చీటీల పద్ధతి పేపర్లు ఎక్కువగా ఫిన్లాండ్, బ్రిటన్ డేటా మీద నడుస్తాయి. బి27లోనే ఎన్నో రకాలున్నాయి. సార్డీనియాలో కనిపించే బి27:09కి జబ్బుతో సంబంధం లేదు, ఎక్కువమందిలో జబ్బు తెచ్చే బి27:05కీ దానికీ ఒక్క అమైనో ఆమ్లం తేడా. ఆగ్నేయాసియాలో బి27:06 కూడా అలాంటిదే. మన ల్యాబ్ రిపోర్టులో "పాజిటివ్" అని ఒక్క మాట ఉంటుంది, ఏ రకమో సాధారణంగా ఉండదు.

మన దేశ జనం జన్యువులు చదివే జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద దాదాపు పదివేల మంది డేటాను 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. హైదరాబాద్ సీసీఎంబీ కూడా అందులో ఉంది. అది మామూలు జనం డేటా, పోల్చడానికి పునాది. దాని పక్కన పెట్టడానికి మన రోగుల డేటా కావాలి. పదివేలమంది కాకపోయినా, ముందు వెయ్యి.

కృష్ణాతీరం
మన డేటా విలువ మా ఇంట్లో తెలిసింది. మేం వైశ్యులం. ఆపరేషన్ బల్ల మీద మా పెద్దనాన్న మత్తు నుంచి గంటల తరబడి తేరుకోలేదు. మత్తుతో పాటు కండరాలు సడలడానికి ఇచ్చే మందును విరగ్గొట్టే ఎంజైమ్ మావాళ్లలో కొందరికి ఉండదట. 2017లో దక్షిణాసియా జన్యువుల మీద వచ్చిన పేపర్‌లో మా పేరు పెట్టి రాశారు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అన్నా ముందే చెబుతాం. ఎవరో కొందరు రక్తం ఇచ్చారు కాబట్టే అది తెలిసింది. ఏఎస్‌కు అడిగితే అత్తను నేనే తీసుకెళ్తా.

కోడూరు_కుర్రోడు
నేను కూడా ఇస్తా. నాకు ఒరగకపోయినా సరే.

నడుంపట్టు_నాని
మూడు వారాలయింది, కబురు చెబుతాను.

తమ్ముణ్ని నా రుమటాలజిస్ట్ (కీళ్లవాపు డాక్టర్) దగ్గరికి తీసుకెళ్లాను. ఈసారి వాణ్ని అడిగే. ఆవిడ వాడి నడుం మీద పెన్నుతో రెండు గీతలు పెట్టింది, మధ్య పది సెంటీమీటర్లు. వంగమంది. టేపు పెడితే పదిహేనున్నర దాటింది. తర్వాత నన్నూ వంగమంది, సరదాకి. నాకు పదకొండున్నర. నొప్పి లేదు, బిగుసుకోవడం లేదు, ఎమ్మారై కూడా అక్కర్లేదంది. మూడు నెలలకు మించి తెల్లారి నొప్పి ఉంటే, కన్ను ఎర్రబడితే రమ్మంది. సిగరెట్ ముట్టుకోవద్దంది. అన్నం గురించి అడిగితే "తినండి" అని ఒక్క మాట.

అమ్మకు మాస్టారి లక్షమంది ఊరి లెక్క చెప్పాను. చిక్కుడుకాయలు వలుస్తూ విన్నది. "మరి ఆ 140 మంది అమ్మలు ఏం చేస్తారు రా" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నాకు కూడా పక్కనే కూర్చుని వడ్డించింది, చాలా రోజుల తర్వాత.

అమ్మాయి తరఫువాళ్ల నుంచి ఫోన్ రాలేదు. తమ్ముడు వదిలేశాడు. నిన్న ఆదివారం 38 కొట్టాడు.

వరంగల్_వాసు
నాటౌటా?

నడుంపట్టు_నాని
రనౌట్. మధ్యాహ్నం వచ్చి పప్పుచారుతో మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.